సగటు నుంచి సూచిక దాకా: భారతదేశ ప్రగతిని కొలిచిన గణాంకాల చరిత్ర

వ్యాససంగ్రహం:

దేశ ప్రగతిని సంఖ్యలతో కొలిచే ప్రయత్నం భారతదేశంలో దాదాపు నూటయాభై ఏళ్లుగా సాగుతోంది. 1876లో దాదాభాయి నౌరోజీ ప్రకటించిన తలసరి ఉత్పత్తి అంచనా మొదలుకొని, 2018 నుంచి నీతి ఆయోగ్ వెలువరిస్తున్న సుస్థిరాభివృద్ధి లక్ష్యాల సూచిక వరకు ఈ కొలతల పరిణామాన్ని ఈ వ్యాసం చారిత్రక దృష్టితో పరిశీలిస్తుంది. కొలిచే అంశాలు మారినా, 'సగటు' అనే గణిత ప్రక్రియ చుట్టూ ప్రతి దశలోనూ ఒకే తరహా వివాదం తలెత్తిందని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల ఉదాహరణలను సందర్భానుసారంగా స్వీకరించడం జరిగింది.

కీలకపదాలు: జాతీయాదాయం, తలసరి ఆదాయం, దారిద్ర్యరేఖ, నమూనా సర్వే, సుస్థిరాభివృద్ధి, సూచిక, జనగణన.

1. ప్రవేశిక:

తెలుగులో 'లెక్క' అనే మాటకు గణితపరమైన అర్థంతో పాటు గౌరవపరమైన అర్థం కూడా ఉంది. ఒకరిని 'లెక్కచేయడం' అంటే వారిని పట్టించుకోవడం. 'లెక్కలోకి రానివాడు' అంటే సమాజం పట్టించుకోని మనిషి. నిత్యవ్యవహారంలోని ఈ పలుకుబడి, గణాంకశాస్త్రం ఎంతో శ్రమించి చేరుకున్న ఒక నిర్ణయాన్ని సూటిగా చెబుతోంది. ప్రభుత్వ లెక్కలలో చోటు దొరకని మనుషులు, నదులు, అడవులు ప్రభుత్వ నిర్ణయాలలోనూ చోటు కోల్పోతాయి.

సుస్థిరాభివృద్ధి అంటే, రాబోయే తరాల అవసరాలకు భంగం కలగకుండా నేటి తరం తన అవసరాలను తీర్చుకోవడం. ఈ భావనకు 1987లో బ్రంట్‌లాండ్ కమిషన్ నివేదిక ప్రపంచవ్యాప్త ప్రచారం కల్పించింది. భావనగా దీన్ని అంగీకరించడం తేలిక. ఒక దేశం ఆ దిశగా ఎంత దూరం నడిచిందో చెప్పడం కష్టం. ఏది కొలవాలి, ఎవరు కొలవాలి, వేరువేరు కొలతలను ఎలా ఒకచోట చేర్చాలి అనే మూడు ప్రశ్నలు అక్కడ ఎదురవుతాయి. ఈ ప్రశ్నలు 2015 తర్వాత పుట్టినవి కావు. భారతదేశంలో వీటికి వలసపాలన కాలం నుంచే చరిత్ర ఉంది. ఆ చరిత్రను తెలుసుకోకుండా నేటి సూచికలను చదివితే, వాటి బలాన్నీ పరిమితినీ సరిగా అంచనా వేయలేం.

2. వలసపాలన కాలంలో గణాంకాల సేకరణ:

బ్రిటిష్ ప్రభుత్వం లెక్కలు సేకరించడానికి ప్రధాన కారణం భూమిశిస్తు. పరిపాలన విస్తరించే కొద్దీ జనాభా, వర్తకం, ఆరోగ్యం వంటి అంశాలు దానికి తోడయ్యాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1871లో జనాభా లెక్కల సేకరణ జరిగింది. దేశమంతటా ఏకకాలంలో జరిగిన తొలి జనగణన 1881 నాటిది. నిజాం పాలనలోని హైదరాబాద్ సంస్థానం కూడా ఆ జనగణనలో భాగమైంది.

ఈ రెండు లెక్కింపుల మధ్య కాలంలోనే 1876-78 కరువు దక్షిణ భారతాన్ని కుదిపేసింది. బళ్లారి, కర్నూలు, కడప ప్రాంతాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. పంట ఎంత పండింది, ధాన్యం ఎక్కడ ఉంది, ఎవరికి అందడంలేదు అనే సమాచారం సకాలంలో చేతికందకపోవడం పాలనాయంత్రాంగపు ప్రధాన లోపాలలో ఒకటిగా బయటపడింది. 1880 నాటి కరువు కమిషన్ వ్యవసాయ గణాంకాలను క్రమపద్ధతిలో సేకరించాలని, అందుకోసం రాష్ట్రాలలో వ్యవసాయ శాఖలను ఏర్పాటు చేయాలని సిఫారసు చేసింది.

అయితే ఈ గణాంకాలకు మూలం గ్రామమే. రైత్వారీ గ్రామాలలో కరణం రాసే అడంగల్‌లో ఏ సర్వే నంబరులో ఏ పంట ఎంత విస్తీర్ణంలో ఉందో నమోదయ్యేది. తెలంగాణలో ఈ పాత్రను పహాణీ నిర్వహించింది. విస్తీర్ణం సంగతి ఇలా తేలినా దిగుబడిని కంటి అంచనాతోనే నిర్ణయించేవారు. సాధారణ పంటను పదహారణాలుగా భావించి, ఆ ఏడాది పంట ఎన్ని అణాలకు సరితూగుతుందో చెప్పే 'అణావారీ' పద్ధతి చాలా ప్రాంతాలలో అమలులో ఉండేది. పూర్ణత్వాన్ని సూచించే 'పదహారణాల' అన్న తెలుగు నుడికారం ఇక్కడ అక్షరాలా కొలమానమైంది. కానీ 'సాధారణ పంట' అంటే ఏమిటనే దానికి స్థిరమైన నిర్వచనం లేదు. శిస్తు తగ్గింపు ఆ అంచనా మీదే ఆధారపడి ఉండటం వల్ల దాని మీద ఒత్తిళ్లు సహజం. జమీందారీ గ్రామాలలో ఈ మాత్రపు నమోదు వ్యవస్థ కూడా బలహీనంగా ఉండేది. దేశ ఆదాయాన్ని లెక్కకట్టబూనిన తొలి పరిశోధకుల ముందున్న ముడిసరుకు ఇదే.

3. దాదాభాయి నౌరోజీ - సగటుపై తొలి విమర్శ:

1876లో బొంబాయిలో ఈస్టిండియా అసోసియేషన్ శాఖ ఎదుట నౌరోజీ భారతదేశ పేదరికంపై ఒక పత్రం చదివారు. భారత జాతీయాదాయానికి సంబంధించిన తొలి అంచనాగా ఆర్థిక చరిత్రకారులు దీన్ని పరిగణిస్తారు. 1867-70 నాటి అధికారిక నివేదికలనే ఆధారం చేసుకుని, బ్రిటిష్ ఇండియా మొత్తం ఉత్పత్తిని ఆయన 34 కోట్ల పౌండ్లుగా లెక్కించారు. దాన్ని 17 కోట్ల జనాభాకు పంచితే తలకు 40 షిల్లింగులు, అంటే ఆనాటి విలువలో ఏడాదికి 20 రూపాయలు వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీకి ఆయన కట్టిన తలసరి అంచనా 18 రూపాయలు.

ఈ అంచనాలో రెండు అంశాలు నేటికీ ప్రాధాన్యం కలిగినవి. మొదటిది, సగటుకు సంబంధించినది. అధికారులు జిల్లాల వారీ దిగుబడులనూ ధరలనూ కూడి, జిల్లాల సంఖ్యతో భాగించి సగటు తీసేవారు. ఎక్కువ భూమిలో పండే జిల్లాకూ తక్కువ భూమిలో పండే జిల్లాకూ ఒకే విలువ ఇచ్చే ఈ పద్ధతి తప్పని నౌరోజీ మధ్యపరగణాల ఉదాహరణతో నిరూపించారు. విస్తీర్ణాన్ని బట్టి, ఉత్పత్తిని బట్టి భారం వేసి తీసిన సగటే వాస్తవానికి దగ్గరగా ఉంటుందని ఆయన వాదన. ప్రభుత్వ గణాంకాలతోనే ప్రభుత్వ నిర్ణయాలను ఖండించే పద్ధతికి ఇది దారి చూపింది.

రెండవది, ఆదాయాన్ని అవసరంతో పోల్చడం. ఖైదీల తిండికీ బట్టకూ ప్రభుత్వం చేస్తున్న ఖర్చును ఆయన జైలు నివేదికల నుంచి సేకరించారు. దేశంలో సగటు మనిషి ఉత్పత్తి, నేరం చేసి జైలులో ఉన్నవాడికి ప్రభుత్వం పెట్టే కనీస ఖర్చుకు కూడా సరిపోవడంలేదని చూపారు. తర్వాతి కాలపు దారిద్ర్యరేఖ భావనకు ఇది తొలిరూపం.

నౌరోజీ లెక్క పాలకులను ఇరకాటంలో పెట్టింది. 1882లో బేరింగ్, బార్బర్ అనే అధికారులు తలసరి ఆదాయాన్ని 27 రూపాయలుగా అంచనా వేశారు. 1901లో వైస్రాయి కర్జన్ 30 రూపాయలని ప్రకటిస్తే, అదే ఏడాది విలియం డిగ్బీ తన గ్రంథంలో అది సుమారు 18 రూపాయలేనని వాదించారు. ఒకే దేశానికి ఒకే కాలంలో ఇంత తేడా ఉన్న రెండు లెక్కలు రావడం గమనించదగింది. పంట దిగుబడికి నమ్మదగిన కొలత లేనిచోట, లెక్కించేవారి ఊహలే ఫలితాన్ని శాసించాయి. ఈ లోపాన్ని సవరించేందుకు తగిన శాస్త్రీయ పద్ధతి రూపుదిద్దుకోవడానికి మరో నాలుగు దశాబ్దాలు పట్టింది.

4. స్వాతంత్ర్యానంతర గణాంక వ్యవస్థ:

1931 డిసెంబరులో కలకత్తాలో ప్రశాంతచంద్ర మహలనోబిస్ స్థాపించిన భారత గణాంక సంస్థ ఈ మార్పుకు కేంద్రమైంది. బెంగాల్‌లో జనపనార పంటపై ఆ సంస్థ 1937లో మొదలుపెట్టిన సర్వేలు, మొత్తం పొలాలను చూడకుండానే యాదృచ్ఛికంగా ఎంచిన కొద్దిపాటి నమూనాల నుంచి నమ్మదగిన అంచనా పొందవచ్చని నిరూపించాయి. కంటి అంచనాకు బదులు, యాదృచ్ఛికంగా ఎంచిన మడిలో పంట కోసి, నూర్చి, తూచి దిగుబడిని నిర్ధారించే పంటకోత ప్రయోగాలు క్రమంగా అణావారీ స్థానాన్ని ఆక్రమించాయి. తెలుగు కుటుంబంలో జన్మించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం అభ్యసించిన కల్యంపూడి రాధాకృష్ణారావు 1941లో ఈ సంస్థలో చేరారు. ఒక అంచనాలో అనివార్యంగా ఉండే అనిశ్చితికి కనిష్ఠ పరిమితిని నిర్ధారించిన ఆయన 1945 నాటి సిద్ధాంతం గణాంకశాస్త్రానికి మూలస్తంభాలలో ఒకటి.

1949లో కేంద్రప్రభుత్వం మహలనోబిస్ అధ్యక్షతన, డి.ఆర్. గాడ్గిల్, వి.కె.ఆర్.వి. రావు సభ్యులుగా జాతీయాదాయ సంఘాన్ని నియమించింది. అసంఘటిత రంగం, చేతివృత్తులు, గృహవినియోగం వంటి విషయాలలో ఆధారాలు చాలా తక్కువగా ఉన్నాయన్న గ్రహింపు ఫలితంగా 1950లో జాతీయ నమూనా సర్వే ప్రారంభమైంది. 1951లో కేంద్ర గణాంక సంస్థ ఏర్పడింది. ఒకే ప్రాంతంలో రెండు స్వతంత్ర బృందాలు వేరువేరు నమూనాలను సేకరించి, ఫలితాలను పోల్చి చూసుకునే పద్ధతిని మహలనోబిస్ ప్రవేశపెట్టారు. లెక్కలో దోషం ఎంత ఉందో లెక్కతో పాటే బయటపెట్టడం ఈ పద్ధతి విశిష్టత. రాష్ట్ర గణాంక శాఖలు కూడా ఈ సర్వేలో సమాంతర నమూనాలతో పాల్గొంటూ వచ్చాయి.

5. మూడణాల వివాదం - దారిద్ర్యరేఖ:

జాతీయాదాయం పెరుగుతోందని లెక్కలు చెబుతున్న కాలంలో, ఆ పెరుగుదల ఎవరికి చేరిందన్న ప్రశ్న 1963లో లోక్‌సభను వేడెక్కించింది. 27 కోట్ల మంది రోజుకు మూడణాలతో బతుకుతున్నారని రామమనోహర్ లోహియా ఆరోపించారు. సగటు ఆదాయం 15 అణాలని ప్రధాని నెహ్రూ సమాధానమిచ్చారు. ఆ రెండు అంకెలూ ఒకే ప్రశ్నకు జవాబులు కావు. నెహ్రూ చెప్పింది దేశమంతటి సగటు. లోహియా అడిగింది అట్టడుగు వర్గాల వాస్తవ స్థితి. ధనికుల ఆదాయాన్ని కూడా కలుపుకున్న సగటు పేదవాడి కంచాన్ని చూపలేదన్న సత్యాన్ని ఆ చర్చ సామాన్య ప్రజలకు సైతం అర్థమయ్యే రీతిలో ముందుకు తెచ్చింది. ఆదాయ పంపిణీపై 1960లోనే నియమితమైన మహలనోబిస్ సంఘం తన తొలి నివేదికను 1964లో సమర్పించింది.

దీనికి సమాంతరంగా కనీస అవసరాల కొలత రూపొందింది. 1962లో ప్రణాళికా సంఘం పరిధిలోని అధ్యయన బృందం 1960-61 ధరల ప్రకారం తలకు నెలకు 20 రూపాయలను కనీస జీవనవ్యయంగా సూచించింది. 1971లో దండేకర్, రథ్ తమ అధ్యయనంలో నమూనా సర్వే గణాంకాలను ఉపయోగించి పేదల నిష్పత్తిని అంచనా వేశారు. 1979లో అలఘ్ బృందం గ్రామాలలో 2400, పట్టణాలలో 2100 కేలరీల ప్రమాణాన్ని స్థిరపరచింది. లక్డావాలా (1993), టెండూల్కర్ (2009), రంగరాజన్ (2014) సంఘాలు ఈ రేఖను పునర్నిర్వచించాయి. రేఖ స్థానం మారిన ప్రతిసారీ పేదల సంఖ్య మారింది. నీతి ఆయోగ్ 2023లో ప్రచురించిన బహుముఖ పేదరిక సూచిక పోషకాహారం, చదువు, వంటచెరకు, తాగునీరు వంటి అంశాలను జోడించి, బహుముఖ పేదలు 2015-16లో 24.85 శాతం ఉండగా 2019-21 నాటికి 14.96 శాతానికి తగ్గారని పేర్కొంది.

6. ఉత్పత్తి లెక్కలో ప్రకృతి స్థానం:

జాతీయాదాయ గణనకు మార్గదర్శకులలో ఒకరైన సైమన్ కుజ్నెట్స్ 1934లోనే, జాతీయాదాయాన్ని బట్టి జాతి సంక్షేమాన్ని నిర్ధారించడం సాధ్యం కాదని అమెరికా సెనేట్‌కు ఇచ్చిన నివేదికలో హెచ్చరించారు. అయినా రెండవ ప్రపంచయుద్ధం తర్వాత స్థూల దేశీయోత్పత్తే ప్రగతికి పర్యాయపదమైంది. ఈ లెక్కలో నరికిన చెట్టు కలపగా ఆదాయం. నిలిచి ఉన్న చెట్టుకు విలువ లేదు. బోరుబావి నుంచి తోడిన నీటితో పండిన వరి ఉత్పత్తిలో చేరుతుంది. ఆ బావి ఎండిపోవడం ఏ ఖాతాలోనూ నష్టంగా నమోదు కాదు. ఒక కుటుంబం పొలం అమ్మి వచ్చిన సొమ్మును ఆ ఏటి ఆదాయంగా రాసుకోవడం వంటిదే ఇది.

1972 స్టాక్‌హోమ్ సదస్సులో ఇందిరాగాంధీ పేదరికాన్నీ పర్యావరణాన్నీ విడదీసి చూడలేమన్న దృక్పథాన్ని వినిపించారు. 1992 రియో సదస్సు ఆమోదించిన కార్యాచరణ పత్రం సుస్థిరాభివృద్ధికి ప్రత్యేక సూచికలను రూపొందించాలని దేశాలను కోరింది. పర్యావరణ, ఆర్థిక ఖాతాలను అనుసంధానించే విధానం 2012లో ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం ఆమోదంతో అంతర్జాతీయ ప్రమాణమైంది. భారతదేశంలో కేంద్ర గణాంక సంస్థ 1997లో పర్యావరణ గణాంకాల సంకలనాన్ని తొలిసారి వెలువరించింది. పార్థా దాస్‌గుప్తా అధ్యక్షతన ఏర్పడిన నిపుణుల బృందం 2013లో సమర్పించిన నివేదిక దేశానికి 'హరిత జాతీయ ఖాతాల' చట్రాన్ని ప్రతిపాదించింది. ఏటా వచ్చే ఉత్పత్తితో పాటు భూమి, అడవి, నీరు, మానవ నైపుణ్యం వంటి సంపదల నిల్వ తగ్గిందా పెరిగిందా అని చూడటమే సుస్థిరతకు సరైన పరీక్ష అన్నది అందులోని మౌలిక దృక్పథం. 2018 నుంచి గణాంక మంత్రిత్వశాఖ పర్యావరణ ఖాతాలను ప్రచురిస్తోంది. అయితే అవి ప్రధాన జాతీయాదాయ గణనకు అనుబంధాలుగానే మిగిలి ఉన్నాయి.

7. సుస్థిరాభివృద్ధి సూచికలు - మళ్లీ సగటు సమస్య:

2015 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి 17 లక్ష్యాలను, 169 ఉపలక్ష్యాలను ఆమోదించింది. వాటిని కొలిచే అంతర్జాతీయ సూచికల చట్రం 2017లో ఆమోదం పొందింది. దీనికి అనుగుణంగా భారత గణాంక మంత్రిత్వశాఖ 2018 జూన్ 29న, మహలనోబిస్ జయంతి అయిన గణాంక దినోత్సవం నాడు, 306 సూచికలతో జాతీయ సూచికల చట్రాన్ని విడుదల చేసింది. రాష్ట్రాలను పోల్చేందుకు నీతి ఆయోగ్ అదే ఏడాది డిసెంబరులో సుస్థిరాభివృద్ధి లక్ష్యాల సూచికను ప్రారంభించింది. ఇందులో ప్రతి లక్ష్యానికీ సున్నా నుంచి 100 వరకు మార్కులు వేసి, లక్ష్యాల మార్కుల సగటును రాష్ట్రపు మొత్తం స్కోరుగా ప్రకటిస్తారు.

దేశం స్కోరు 2018లో 57 కాగా 2023-24లో 71. ఇదే కాలంలో ఆంధ్రప్రదేశ్ స్కోరు 64 నుంచి 74కు, తెలంగాణ స్కోరు 61 నుంచి 74కు చేరింది. ఈ పెరుగుదలను యథాతథంగా ప్రగతిగా స్వీకరించే ముందు మూడు అంశాలను పరిశీలించాలి.

మొదటిది, కొలబద్ద మారడం. 2018 సూచికలో 13 లక్ష్యాలకు సంబంధించి 62 సూచీలు ఉన్నాయి. 2019-20లో అవి 100, 2020-21లో 115, 2023-24లో 113. కుంచం మారినప్పుడు గింజలు పెరిగాయో, కుంచం చిన్నదయిందో తేల్చుకోవాలి. విడివిడి సూచీలలో వచ్చిన మార్పును చూడకుండా మొత్తం స్కోర్లను మాత్రమే పోల్చడం శాస్త్రీయం కాదు.

రెండవది, మినహాయింపులు. సముద్ర జీవవనరులకు సంబంధించిన 14వ లక్ష్యం తీరప్రాంత రాష్ట్రాలకు మాత్రమే వర్తిస్తుంది కనుక మొత్తం స్కోరు లెక్కలో దాన్ని చేర్చరు. రాష్ట్రాల మధ్య పోలికకు ఇది న్యాయమైన నిర్ణయమే. కానీ దాని ఫలితంగా సుదీర్ఘ తీరరేఖ, లక్షలాది మత్స్యకారుల జీవనం ఉన్న ఆంధ్రప్రదేశ్ ప్రగతిలో సముద్రం లెక్కకు రాదు.

మూడవది, అన్నింటికంటే ముఖ్యమైనది, సగటు స్వభావం. 2వ లక్ష్యం కింద వరి, గోధుమ దిగుబడి ఒక సూచీ. 6వ లక్ష్యం కింద భూగర్భజలాలను పరిమితికి మించి తోడిన మండలాల శాతం ఒక సూచీ. బోర్ల కింద వరి దిగుబడి పెరిగితే మొదటిదానిలో మార్కులు పెరుగుతాయి, రెండవదానిలో తగ్గుతాయి. సగటు ఈ రెండింటినీ పరస్పరం చెల్లువేస్తుంది. ఊహాత్మక ఉదాహరణగా రెండు లక్ష్యాలలో 90, 30 మార్కులు పొందిన రాష్ట్రానికీ, రెండింటిలో 60 చొప్పున పొందిన రాష్ట్రానికీ సగటు 60. పంట ఎక్కువ పండించి నీటిని పూర్తిగా కోల్పోయిన ప్రాంతం, రెండింటినీ సమంగా కాపాడుకున్న ప్రాంతంతో సమానంగా నిలుస్తుంది. పోయిన నీటిని పెరిగిన ధాన్యం భర్తీ చేయగలదన్న భావన ఈ గణితంలోనే ఇమిడి ఉంది. సుస్థిరాభివృద్ధి భావన ప్రశ్నించేది సరిగ్గా ఆ నమ్మకాన్నే.

మానవాభివృద్ధి సూచికలో ఇదే ఇబ్బందిని గుర్తించిన ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 2010లో అంకమధ్యమానికి బదులు గుణమధ్యమాన్ని స్వీకరించింది. గుణమధ్యమం ప్రకారం పై ఉదాహరణలో మొదటి రాష్ట్రపు స్కోరు సుమారు 52కు తగ్గుతుంది. రెండవ రాష్ట్రపు స్కోరు 60గానే ఉంటుంది. వెనుకబాటును మరుగుపరచకుండా చూపే పద్ధతి అందుబాటులోనే ఉందని దీని వల్ల తెలుస్తుంది.

8. మూలగణాంకాల స్థితి:

సూచిక ఎంత చక్కగా నిర్మించినా, దాని కింద ఉన్న గణాంకాలు పాతబడితే ఫలితం నమ్మదగింది కాదు. 1881 నుంచి పదేళ్లకోసారి తప్పకుండా సాగిన జనగణన 2021లో జరగలేదు. 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా తదుపరి జనగణన జరుగుతుందని 2025 జూన్‌లో ప్రకటన వెలువడింది. శాతాలుగా చెప్పే సూచీలకు జనాభాయే హారం. నమూనా సర్వేలు గ్రామాలను ఎంచుకునేది కూడా జనగణన జాబితాల నుంచే. 2017-18 గృహవినియోగ వ్యయ సర్వే ఫలితాలను నాణ్యతా కారణాలు చూపి ప్రభుత్వం విడుదల చేయలేదు. అందువల్ల 2011-12 తర్వాత 2022-23 సర్వే వరకు పేదరికంపై అధికారిక వినియోగ గణాంకాలు లేవు.

తెలుగు రాష్ట్రాలలో దీనికి మరో చిక్కు తోడైంది. 2011 జనగణన ఉమ్మడి రాష్ట్రంలో 23 జిల్లాల ప్రాతిపదికన జరిగింది. విభజన తర్వాత తెలంగాణలో 10 జిల్లాలు 2016లో 31గా, 2019లో 33గా మారాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022లో 26 అయ్యాయి. కొత్త జిల్లా ప్రగతిని పాత గణాంకాలతో పోల్చాలంటే మండలాల స్థాయి నుంచి లెక్కలను తిరిగి కూర్చుకోవాలి. జిల్లా చరిత్రలు రాసే పరిశోధకులకు ఇది తప్పనిసరి శ్రమ.

గ్రామస్థాయి నమోదు వ్యవస్థ కూడా ఈ కాలంలో రూపు మారింది. ఆంధ్రప్రదేశ్‌లో 1984లో వంశపారంపర్య కరణం వ్యవస్థ రద్దయింది. సామాజికంగా అది అవసరమైన సంస్కరణ. అయితే పొలం గట్టు మీద నిలబడి పంటను నమోదు చేసే బాధ్యత ఎవరిదైనా, ఆ నమోదు నిజాయితీ మీదే జాతీయ గణాంకాల విశ్వసనీయత ఆధారపడి ఉంటుందన్న సూత్రంలో మార్పు లేదు.

9. ముగింపు:

నౌరోజీ నుంచి నీతి ఆయోగ్ వరకు సాగిన ఈ చరిత్రలో కొలిచే అంశాల పరిధి ఎంతో విస్తరించింది. ధాన్యం, ధర, జనాభాలతో మొదలైన లెక్క నేడు గాలి, నీరు, చదువు, న్యాయం వరకు వ్యాపించింది. అయినా అధికారులు తీసిన సగటుపై నౌరోజీ వేసిన ప్రశ్న, లోక్‌సభలో లోహియా వేసిన ప్రశ్న రూపం మార్చుకుని నేటి సూచికల ముందు కూడా నిలిచాయి. ఈ అధ్యయనం ద్వారా తేలిన అంశాలు ఇవి:

• జాతీయ గణాంకాలు పాలనా సాధనాలుగా పుట్టినా, పాలనను ప్రశ్నించే సాధనాలుగా కూడా ఎదిగాయి. నౌరోజీ అంచనా దీనికి తొలి నిదర్శనం.

• సగటు అవసరమైన సంక్షిప్తీకరణ. కానీ పంపిణీని, లోటును దానితో పాటే ప్రకటించనప్పుడు అది వాస్తవాన్ని కప్పివేస్తుంది.

• సుస్థిరాభివృద్ధి సూచికలో ఒక లక్ష్యం నష్టాన్ని మరో లక్ష్యం లాభంతో చెల్లువేసే అంకమధ్యమ పద్ధతిని పునఃపరిశీలించాలి. మొత్తం స్కోరు పక్కనే ప్రతి రాష్ట్రపు అతితక్కువ స్కోరును కూడా ముఖ్యంగా చూపాలి.

• పర్యావరణ ఖాతాలు జాతీయాదాయానికి అనుబంధంగా మిగిలిపోకుండా ప్రధాన గణనలో భాగం కావాలి.

• సకాలంలో జరిగే జనగణన, దాపరికం లేకుండా వెలువడే సర్వే ఫలితాలు లేనిదే ఏ సూచికకూ పునాది ఉండదు.

దేశం ఎంత సంపాదించిందన్న ప్రశ్నతో మొదలైన గణన, రేపటికి ఎంత మిగిల్చిందన్న ప్రశ్న దగ్గరకు చేరింది. ఆ రెండవ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఎండిన బావినీ, చేపలు దొరకని తీరాన్నీ, జాబితాలో పేరు లేని కుటుంబాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. సుస్థిరాభివృద్ధి గణాంకాల విలువను భావితరాలు ఈ గీటురాయి మీదే నిర్ణయిస్తాయి.